బట్టల గెడ

తడి చీర అంచు మొహానికి తగలకుండా మెడ వంచి, యూనిఫాం చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడతను. ఆ ఇంట్లో ఎవరైనా తల వంచుకునే తిరగాలి. ముందుగది గోడకున్న కొక్కెం మీద మొదలై, గుమ్మం దాటి, వంటగట్టు పైన రెండో కొక్కెం దాకా సాగుతుంది గెడ. ఇంటి బట్టలన్నీ దాని మీదే ఆరతాయి.

అది బట్టల కోసం పుట్టిన గెడ కాదు. పోల్ వాల్ట్ గెడ. పరిగెత్తుకుంటూ వచ్చి దాన్ని నేలలోని ఇనప పెట్టెలో గుచ్చితే, విల్లులా వంగి మళ్లీ నిటారవుతూ మనిషిని ఆకాశంలోకి విసురుతుంది. ఒకప్పుడు అతన్ని అలాంటి గెడలు చాలానే విసిరాయి. ఇది మాత్రం కాదు.

"ఇవాళైనా ఇంటావిడని అడుగుతారా, నన్నే అడగమంటారా?" అంది భార్య, టీ వడపోస్తూ.

"ఏమని?"

"కిటికీ గ్రిల్లు కోయనివ్వమని. మీ కోచ్ అన్నయ్య రేపు దీనికోసం వస్తాడు. గెడ లేక ఆయన దగ్గర నేర్చుకునే కుర్రాడి పోటీ పోతే ఆ ఉసురు మనకెందుకండీ?"

"ఒప్పుకోదు. ఆవిడ సంగతి నీకు తెలీదా?"

"అయితే రంపం పట్టుకొస్తా. సగం ఆ కుర్రాడికి, సగం నా చీరలకి."

అతను నవ్వలేదు. ఎన్నేళ్లయినా ఆ రంపం జోకుకి అతను నవ్వడు. ఎన్నేళ్లయినా ఆమె మానదు.

ఇల్లు మూడో అంతస్తులో. కాపురం పెట్టిన కొత్తలో గెడకి తాడు కట్టి కిటికీలోంచి లోపలికి లాగారు. తర్వాత వీధిలో దొంగలు పడ్డారని ఇంటావిడ కిటికీలకి గ్రిల్లు బిగించింది. మెట్లా, ఇరుకు. తలుపు దాటగానే మలుపు. అంత పొడుగు గెడ ఆ మలుపు తిరగదని చెప్పింది అతనే. భార్యకి చెప్పాడు, ఇంటావిడకి చెప్పాడు, అడిగిన ప్రతివాళ్లకీ చెప్పాడు. ఆ ఒక్క మాట దగ్గర వాళ్ల కాపురం ఆగిపోయింది. పెరడున్న ఇల్లు దొరికింది, వెళ్లలేదు. బావమరిది తన ఇంట్లో కింది వాటా ఇస్తానన్నాడు, వెళ్లలేదు. "మేం అద్దె కడుతున్నది కర్రకి. దాని దయవల్ల మేమూ ఉంటున్నాం" అని భార్య చుట్టాలతో చెప్పి నవ్విస్తుంది.

అతని ఉద్యోగం మార్కెట్ కాంప్లెక్సు కింద, కార్లు నిలిపే చోట. అద్దాల గది, కుర్చీ, ఫ్యాను, ఎర్ర మీట. మీట నొక్కితే చారల బద్ద లేస్తుంది. కారు పోతుంది. బద్ద దిగుతుంది. లేచి నిలబడితే టోపీ పైకప్పుకి రాసుకుంటుంది. కూర్చుంటే కుడికాలు చాపే చోటుండదు. తుంటి దగ్గర మరలతో బిగించిన కాలు అది, మడిస్తే ఊరుకోదు. పొద్దుటి నుంచీ ఎడమచెయ్యి కూడా లాగుతోంది. ఫ్యాను గాలికేమోలే అనుకున్నాడు.

ఫోను మోగింది. ఒకప్పుడు తనతోపాటు ఎగిరినవాడు, వేరే ఊళ్లో ఉండి ఈమధ్యే ఇక్కడి స్టేడియానికి కోచ్‌గా వచ్చినవాడు.

"ఒరేయ్ పొడుగూ, రేపు మర్చిపోకు. కుర్రాడికి ఉన్న గెడ చాలట్లేదురా. వాడి బరువుకీ ఊపుకీ నీదే సరిపోతుంది. అది లేకపోతే ఈ ఏడు వాణ్ని దింపను. నీకైనట్టు ఇంకొకడికి కాకూడదు."

"గ్రిల్లు కోయనివ్వట్లేదురా ఇంటావిడ."

"మెట్ల మీంచి?"

"మలుపు తిరగదు."

"సర్లే, వచ్చి చూస్తాగా. ఇంతకీ దాన్ని నువ్వు ఒక్కసారైనా వంచావట్రా?"

"లేదు," అన్నాడతను, ఫోను పెట్టేశాక.

ఆఖరిసారి ఎగిరిన రోజు అతను అంతవరకూ ఎవరూ దాటని ఎత్తు దాటాడు. ఇంకో ఎత్తుకి ఇంకా గట్టి గెడ కావాలి. అది కొత్తగా వచ్చి, సంచీలోంచి తీయకుండా గడ్డి మీద సిద్ధంగా ఉంది. ఈలోపు పాతదానితో ఒక్కసారి చూద్దామనుకున్నాడు. అది వంగింది, వంగింది, పేలింది. తుపాకీ పేలినట్టే. అతను పరుపు మీద కాదు, ఇనప పెట్టె మీద పడ్డాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక క్లబ్బువాళ్లు కొత్త గెడని అతనికే ఇచ్చేశారు. పాపం, ఉంచుకో అన్నారు.

బయట హారన్ మోగింది.

"ఏం బాబాయ్, కళ్లు తెరిచే నిద్రా? ఎత్తవయ్యా ఆ బద్ద!"

ఎత్తాడు. ఎన్ని కార్ల కోసం ఎత్తినా, కింద నుంచి దూరిపోయేవాళ్లే.

మలుపు తిరగదన్నది అబద్ధం. వంచితే తిరుగుతుంది. వంగడమే దాని పని. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి భార్య లేదు. కింద ఇంటావిడతో ఆమె మాటలు మెట్ల మీదే వినిపించాయి. అతను గెడ మీద బట్టలన్నీ మంచం మీద పడేశాడు. కొక్కేల్లోంచి గెడ దించాడు. ఆ అడుగు, ఆ పట్టు, అరచేతులు మరిచిపోలేదు. దాని కొనని తలుపులోంచి బయటికి తోశాడు. అది మలుపు గోడకి తగిలి ఆగింది. ఇక ఛాతీ ఆనించి అదమాలి. అంతే.

అదిమాడు. గెడ కాస్త వంగింది. చెవుల్లో ఆ పేలుడు వినపడింది.

వదిలేశాడు. గెడని మళ్లీ కొక్కేలకెక్కించి, బట్టలు ఎలా వస్తే అలా ఆరేసి, చెమట తుడుచుకుని పడుకున్నాడు.

భార్య రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. "గ్రిల్లు కోస్తే ఇల్లు ఖాళీ చేయమంటోందండీ. ఖాళీ చేయాలంటే గ్రిల్లు కోయాలి కదమ్మా అన్నాను. మొహం మాడ్చుకుంది." తనే నవ్వి, గెడ వైపు చూసి ఆగింది. బరువైనవి కొక్కేల దగ్గరే వేయాలి, గెడ వంగకూడదు. అది అతను పెట్టిన రూలు. ఇప్పుడు దుప్పటి నట్టనడుమ ఉంది.

"ఇదేంటి, మధ్యలో వేశారు? నన్నైతే చంపేసేవారు కాదూ?"

అలిసి నిద్రపోయాడనుకుంది. టీ పెట్టి తెచ్చింది, మంచం పక్కన పెట్టి పిలిచింది. టీ మీద మీగడ కట్టాక భుజం పట్టుకుని కుదిపింది.

మర్నాడు పొద్దున నలుగురు మగవాళ్లు అతన్ని మోశారు. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, కాస్త ఒంచి, దించేశారు. పెద్ద కష్టం కాలేదు.

అంతా అయ్యాక ఆమె అతను పడుకున్న దుప్పటి ఉతికింది. సాయంత్రం కోచ్ వచ్చాడు. వెళ్లేముందు తలుపు చూశాడు, మెట్లు చూశాడు, గెడ పొడవునా చెయ్యి రాశాడు.

"ఇద్దరం పట్టుకుని గోడకి అదిమి వంచితే వచ్చేస్తుంది కదమ్మా," అన్నాడు మెల్లగా. "వాడు చెప్పలేదా?"

ఆమె గెడ వైపు చూసింది. పెరడున్న ఇల్లు గుర్తొచ్చింది. నిన్న అతను నడుమ వేసిన దుప్పటి గుర్తొచ్చింది.

"నిన్న చెప్పినట్టున్నారు అన్నయ్యా," అంది. "నేనే అర్థం చేసుకోలేదు."

"మరి..."

"తీసుకెళ్లండి. ఆ కుర్రాడికివ్వండి. కాకపోతే దుప్పటి తడిగా ఉంది, ఆరనివ్వండి."

ఈసారి ఆమె దాన్ని నట్టనడుమే వేసింది. గ్రిల్లులోంచి గాలి వస్తోంది. దుప్పటి అంచు నుంచి ఒక్కో చుక్కా నేల మీద పడుతోంది. బరువు తగ్గేకొద్దీ, ఎవరూ పట్టుకోని ఆ గెడ వెంట్రుకవాసి చొప్పున పైకి లేస్తోంది.