ఉప్పు పూసిన బాన

నేను ఒక మట్టిబానను. కడుపు చల్లన, నోరు వెడల్పు, మాట మాత్రం లేదు. ఆ మాట లేకపోవడమే ఇవాళ నా ప్రాణం తోడేస్తోంది.

కుమ్మరి నన్ను నీళ్ల కోసం చేశాడు. తెనాలిలో సామ్రాజ్యమ్మ గారింట ఏళ్ల తరబడి నీళ్లు మోశాను. ఇంటికి ఫిల్టరు రాగానే నన్ను మేడమీదికి గెంటేశారు. మనుషులింతే, ఏం చేస్తాం! అక్కడ కోడలు హిమజ నన్ను చేరదీసింది. అడుగున చిల్లులు పొడిచి, కొబ్బరిపీచు పరిచి, వానపాముల్ని వదిలింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆమె నిమ్మమొక్క పసుపెక్కి చావుకు సిద్ధమైతే, నా కడుపులో తయారైన ఎరువే దాన్ని బతికించింది. "ఈ బానే లేకపోతే నా నిమ్మ పోయేది" అని హిమజ నన్ను నిమిరినప్పుడు పొంగిపోయాను, అబద్ధమెందుకు?

మే నెలలో చెల్లెలి పెళ్లికి వెళ్తూ, ఆమె నన్ను అత్తగారికి అప్పజెప్పింది. "అత్తయ్యా, కాసిని కూరగాయల తొక్కలేసి, నీళ్లు చిలకరించండి చాలు."

"నాకు చెప్పాలా! ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటాగా" అంది సామ్రాజ్యమ్మ.

నాకు అదే భయం. కొత్త ఆవకాయ కలిపిన రోజున ఆమె పాత జాడీ పట్టుకుని మెట్లెక్కింది. "బంగారంలాంటి పచ్చడి, పారబొయ్యటానికి చేతులొస్తయ్యా? తినండి తల్లీ!" అంటూ అడుగున మిగిలిన ముక్కలు, ఊట అంతా నాలో ఒంపేసింది. అమ్మో, ఆ ఉప్పు! వానపాములు మెలికలు తిరుగుతూ నా గోడలెక్కాయి. నా మీద మూతగా పెట్టిన మూకుడు సందులోంచి ఒకటి తల బయటపెట్టింది.

"అయ్యో, ఎండలో మాడిపోతావే పిచ్చిదానా!" అని సామ్రాజ్యమ్మ దాన్ని మెల్లగా లోపలికి తోసి, మూకుడు మీద రోటి పొత్రం పెట్టి వెళ్లింది. ఎంత జాలిగా పెట్టిందో! ఆ పాకులాట ఆగిపోయేదాకా నా గోడలకు తెలుస్తూనే ఉంది.

హిమజ తిరిగొచ్చింది. "బుద్ధిగా తిన్నయ్యమ్మా, మళ్లీ ఒక్కటీ పైకి రాలా" అంది అత్తగారు సంబరంగా. మూకుడు తీయగానే కంపు కొట్టింది. హిమజ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. పచ్చట్లో ఉప్పే వాటిని చంపిందని తెలిశాక సామ్రాజ్యమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "నా చేతుల్తో చంపుకున్నా" అని ఏడ్చింది. ఏడుస్తూనే నన్ను తోమి, కడిగి, ఎండబెట్టింది.

కానీ మట్టి పీల్చిన ఉప్పు పైపైన కడిగితే పోతుందా? తొలకరి తేమకు నా పొట్టమీద అది తెల్లగా పూస్తోంది. ఎరువు లేక నిమ్మ మళ్లీ పసుపెక్కింది. ఇవాళ పొద్దున అత్తాకోడళ్లిద్దరూ నా పక్కన చేరారు. హిమజ ఒళ్లో తడి గోనెసంచి ఉంది, అందులో కొత్త వానపాములు ఉన్నాయి.

సామ్రాజ్యమ్మ ఆ తెలుపును వేలితో తడిమి మురిసిపోయింది. "ముగ్గేసినట్టు ఎంత ముద్దుగా ఉందో చూడవే! ఈసారి ఉప్పనేదాన్ని దీని ఛాయలకి రానిస్తే ఒట్టు."

హిమజ నవ్వుతూ సంచి మూతి విప్పింది.