గాజుపెట్టెలో గోరువెచ్చన

బెల్లంపల్లి బొగ్గుబాయి కాలనీలో పుట్టిన పిల్లల్లో సగంమందికి నీళ్లు పోసింది మల్లక్కే. బాలింత ఉన్న ఇంటికి పొద్దెక్కకముందే వచ్చేది. పీటమీద కూర్చుని, కాళ్లు బారచాపి, పసిగుడ్డును కాళ్లమీద వేసుకుని, పక్కనున్న గంగాళంలో కుడిచేతి వేళ్లు ఒక్కసారి ముంచి తీసేది. ఇంకో చెంబు చన్నీళ్లు కలపాలా, ఇంకో చెంబు మరిగినవి పొయ్యాలా అన్నది ఆ వేళ్లే చెప్పేవి. ముప్పై ఏళ్లలో ఆ మాటకు ఎదురు చెప్పిన బాలింత లేదు. పిల్ల గుక్కపట్టి ఏడ్చినా సరే, మల్లక్క చెయ్యి పెట్టి చూసింది కదా అని తల్లులు గోడకు చేరగిలబడి కునుకు తీసేవారు. మొగుడు బుచ్చిరాములు బాయిలో బొగ్గు కొట్టి తెచ్చే జీతానికి ఆమెకు దొరికే సోలెడు బియ్యం, రైక గుడ్డ వేడినీళ్లకు చన్నీళ్లు తోడు. అసలు సంపాదన మాత్రం ఆ పేరే. ఆమె వీధిలో నడుస్తుంటే మీసాలొచ్చిన మొగవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవారు. వాళ్లందరి ముడ్లు కడిగిన మనిషాయె.

అలాంటి చేతికి యాభై తొమ్మిది డిసెంబరులో చేపలు వచ్చి పడ్డాయి.

అవి అండర్ మేనేజరు లింగమూర్తి బంగళాలోవి. ఆయన ధన్‌బాద్‌లో చదువుకుంటూ, సెలవులకు కలకత్తా పోయినప్పుడు గాజుపెట్టెలో ఈదే చేపలను చూసి మనసు పారేసుకున్నాడు. నౌకరీ వచ్చాక వర్క్‌షాపులో ఇనుప చట్రం చేయించి, అద్దాలు బిగించి, ఎనిమిది చేపలను డబ్బాలో పెట్టుకుని రెండు రోజులు రైల్లో మోసుకొచ్చాడు. అరచేతంత వెడల్పు, అప్పడమంత మందం, ఒంటిమీద నల్లచారలు. మనవైపు ముఖం తిప్పితే సన్నగీత అయిపోయి కనబడకుండా పోయేవి. ఆయన భార్య బాలలక్ష్మిది కరీంనగర్. తల్లి లేని పిల్ల కనుక కాన్పు ఇక్కడే, కంపెనీ దవాఖానాలో. పొద్దు గడవని నెలల్లో ఆ చేపలే ఆమెకు తోడబుట్టినవాళ్లు.

ఆదిలాబాదు జిల్లా చలి ఎవరికీ మొహమాటపడదు. పెట్టె కింద వెచ్చదనానికి పెట్టిన కరెంటు బల్బు సరిగ్గా ఆ చలిలోనే మాడిపోయింది. అటువంటిది మళ్లీ నాగ్‌పూర్ నుంచి రావాలి. అందాకా లింగమూర్తి ఒక ఉపాయం చేశాడు. నాలుగు సీసాల్లో వేడినీళ్లు పోసి, బిరడాలు బిగించి, తాడుకట్టి పెట్టెలోకి దింపడం, నీళ్లు వేడెక్కగానే పైకి లాగడం. ఈ ఉపాయం మూడురోజులు నడిచేసరికి బాలలక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి.

దవాఖానా బండి ఎక్కుతూ ఆ పిల్ల, కబురంది వచ్చిన మల్లక్క చెయ్యి పట్టుకుంది. "నా చేపలు పైలం మల్లక్కా. బిడ్డ పుట్టినా, కొడుకు పుట్టినా, తొమ్మిదో దినం నీళ్లు నువ్వే పొయ్యాలె."

"నేను గాక ఇంకెవరు పోస్తరు బిడ్డా? నువ్వు ఫికర్ చెయ్యకు," అంది మల్లక్క.

లింగమూర్తి ఆమెను పెట్టె దగ్గరకు పిలిచి, నీళ్లలో వేలాడే గాజు పుల్లను చూపించాడు. దాని నడుమ ఎర్రదారం చుట్టి ఉంది. "గీ పాదరసం దారం కాడ ఉండాలె. కిందికి దిగితె సీసలు దింపు. దారం ముట్టంగనే తీసెయ్యి. ఎక్కువైనా చస్తయ్, తక్కువైనా చస్తయ్."

"జరమొస్తె నోట్ల పెట్టే పుల్ల గాదా సారూ ఇది? నీళ్ల సంగతి దీనికేం ఎర్క? నా చెయ్యి లేదా?"

"నీ చెయ్యి సంగతి ఎవరికి తెల్వదు! కని పుల్లను గూడ జర చూడు," అని నవ్వి, ఆయన బండి వెనక పరుగెత్తాడు.

అవి ఉత్తుత్తి నొప్పులేనని తేలినా, రోజులు దగ్గరపడ్డాయని బాలలక్ష్మిని దవాఖానాలోనే ఉంచారు. ఆ విధంగా మల్లక్క జీవితంలో మొదటిసారి మధ్యాహ్నాలు ఖాళీగా దొరికాయి. బంగళాలో ఎవరూ లేరు. కుంపటిమీద నీళ్లు సన్నగా గుసగుసలాడేవి. దూరంగా బొగ్గు వ్యాగన్లు ఒకదాన్నొకటి తట్టుకునే చప్పుడు. కిటికీలోంచి వచ్చిన ఎండ గాజుపెట్టెను దాటుకుని సున్నపు గోడమీద పడి, అక్కడ కూడా నీళ్లై కదిలేది. ఆ నీళ్లలో చేపల నీడలు తిరిగేవి. పెట్టెలో ఎనిమిది, గోడమీద ఎనిమిది. ఆమె వాటికి తాను నీళ్లు పోసిన పిల్లల పేర్లు పెట్టుకుంది. తోక చినిగినవాడు సత్తమ్మ కొడుకు. ఎప్పుడూ మూలన నిలబడేది కిష్టవ్వ చిన్నబిడ్డ. "అగో, మల్ల అలిగినవా?" అని అద్దానికి ముక్కు ఆనించి పలకరించేది. అది నిజంగానే ఆగి చూసేది.

ఒకరోజు అలా చూస్తూ చూస్తూ కన్ను మూతపడింది. గోడమీది నీళ్లు నెమ్మదిగా దిగివచ్చి గదినిండా నిండాయి. కాళ్లు చాపుకుని కూర్చున్న మల్లక్క ఒడిలోకి, భుజాలమీదికి, ముప్పై ఏళ్ల పిల్లలందరూ ఈదుకుంటూ వచ్చారు. ఒక్కరి ఒంటిమీదా నూలుపోగు లేదు, ఒక్కరి కంట్లోనూ నీరు లేదు. నీళ్లు సరిపోయినయా బిడ్డలూ అని ఆమె చెయ్యి ముంచి చూసింది. చేతికి వేడీ తగల్లేదు, చల్లదనమూ తగల్లేదు. అసలు నీళ్లున్నట్టే లేదు. ఉలిక్కిపడి లేచి, పగటి నిద్ర పనికిరాదని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు పొగమంచు మధ్యాహ్నం దాకా విడవలేదు. మల్లక్క పెట్టెలో వేళ్లు ముంచింది. చల్లగా ఉన్నట్టే అనిపించింది. పుల్ల చూస్తే పాదరసం దారం మీద కూర్చుని ఉంది. "గాజు పుల్లవు, నీకేం తెల్సు బాలింతల తంటాలు," అని సీసాలు దింపింది. పాదరసం దారం దాటింది. మళ్లీ వేళ్లు ముంచింది. ఇంకా చాల్లేదంది చెయ్యి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా, సీసాల్లో ఈసారి మసిలే నీళ్లు నింపి దింపింది.

కాసేపటికి చేపలన్నీ పైకి వచ్చాయి. నీటి అంచున మూతులు పెట్టి తెరుస్తూ మూస్తూ నిలబడ్డాయి. కాళ్లమీద పడుకున్న పసిపిల్లలు పాలకోసం మూతి చాపడం ముప్పై ఏళ్లు చూసిన మనిషికి ఇంకేం తోస్తుంది? "ఆకలైందా నా బంగారాలకు!" అని మురిసిపోయి మేత చల్లింది. ఒక్కటీ ముట్టలేదు. ఇంతలో మూలన నిలబడే కిష్టవ్వ చిన్నబిడ్డ పక్కకు ఒరిగి, అలాగే అడుక్కు జారిపోయింది. చలికి కొంకర్లు పోయిందనుకుని మల్లక్క గాబరాగా కుంపటి మీది చెంబు ఎత్తి సగం నీళ్లు పెట్టెలోనే కుమ్మరించింది.

అప్పుడే మొదటి షిఫ్టు దిగిన బుచ్చిరాములు, ఆమెను ఇంటికి తీసుకుపోదామని వచ్చాడు. పెట్టెలో చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు.

"ఏందే గిది? చేపల నీళ్లా, చేపల పులుసా?"

"ఊకో అయ్యా. చల్లగున్నయ్."

"చల్లగనా? నీ చెయ్యేమన్న మొద్దువారిందా?"

ఆయన ఎగతాళికే అన్నాడు. అని, గబగబా సీసాలు బయటికి లాగి, కుండలోని చన్నీళ్లు కొంచెం కొంచెంగా పోయసాగాడు. మల్లక్క కుంపటి దగ్గరికి నడిచి, చెంబు కడుపుకు వేళ్లు ఆనించి పెట్టింది. వేళ్ల చివర్లు ఎర్రబడటం కళ్లకు కనబడింది. చురుకు మాత్రం ఎక్కడో దూరపు వీధిలో కుక్క మొరిగినట్టు వినీ వినబడనట్టుగా తగిలింది. మోచెయ్యి పెట్టి చూసింది. అదీ ఆలస్యంగానే పలికింది.

పోయిన నెల ఐలవ్వ మనుమడికి నీళ్లు పోసింది ఆమే. వాడు ఊపిరి తిరగకుండా ఏడ్చాడు. మూడురోజులు వీపు ఎర్రగా కందిపోయి ఉంది. "చలిగాలి కొట్టింది, గంతే," అని చెప్పి ఆముదం రాయించింది మల్లక్క. ఐలవ్వ నమ్మింది. కంచే చేను మేసినట్టయింది బతుకు. మల్లక్క నేలమీద చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బుచ్చిరాములు, చేప కోసమే అనుకుని, "ఒక్కటే గదనే, ఏడు బతికినయ్ తీయ్," అన్నాడు.

పొద్దుగూకే వేళకు లింగమూర్తి ఆడపిల్ల పుట్టిందన్న కబురుతో ఎగురుకుంటూ వచ్చాడు. "ఒకటి సచ్చిపోయింది సారూ, నా చేతులనే," అని మల్లక్క ఇంకేదో చెప్పబోతే, "పోతె పోనీయ్ మల్లక్కా, ఏడింటిని కాపాడినవ్. రేపు నా బిడ్డ ఒళ్లు గూడ నీ చేతులనే," అని చేతిలో మిఠాయి పెట్టాడు. అది ఆమె తినకుండా కొంగున ముడేసుకుంది.

ఆ తర్వాత మల్లక్క చెయ్యిని అడగడం మానేసింది. రోజంతా పెట్టె ముందు కూర్చుని, వెండితీగలాంటి పాదరసం దారం కిందికి దిగగానే సీసా దింపింది, ముట్టగానే తీసింది. చేపలు నెమ్మదిగా నడినీటికి దిగి, ఎప్పటిలాగా తిరగసాగాయి. చూస్తుంటే హాయిగానే ఉండేది. కానీ తొమ్మిదో దినం మాత్రం ఆమెవైపు నడిచి వస్తూనే ఉంది. ఒంట్లో బాగాలేదని తప్పించుకుందామా అంటే, ఆ తర్వాతి ఇంటికి ఏం చెబుతుంది? పుల్లను పట్టుకుపోదామా అంటే, చేపల దారం చేపలది. పసిగుడ్డుకు దారం ఎక్కడ కట్టాలో ఆమెకు తెలియదు, తెలిసింది తన చేతికే, ఆ చెయ్యి ఇప్పుడు పలకడం లేదు.

తొమ్మిదో దినం బంగళా వెనక పంచలో గంగాళం పెట్టారు. పక్కింటి ఆడవాళ్లు నలుగురు సాంబ్రాణి పట్టుకుని నిలబడ్డారు. బాలలక్ష్మి తలకు గుడ్డ కట్టుకుని పీట వేసుకుంది. మల్లక్క కాళ్లు చాపింది. పిల్లను తెచ్చి కాళ్లమీద పడుకోబెట్టారు. ఎర్రటి ఒళ్లు, పిడికెడు ముఖం. గంగాళంలోంచి ఆవిరి లేస్తోంది.

అందరూ ఆమె చెయ్యి కోసం చూశారు. మల్లక్క చెయ్యి గంగాళం దాకా వెళ్లి అంచున ఆగిపోయింది.

"బాలలక్ష్మీ," అంది. ఎన్నడూ పేరు పెట్టి పిలవని మనిషి. "నా చేతికి వేడి తెలుస్తలేదు బిడ్డా. నీ చేప గందుకే సచ్చింది. ఐలవ్వ మనుమని వీపు గూడ నేనే కాల్చిన. నా మీద ఇడువకు నీ బిడ్డను."

ఒకామె పిల్లను తీసుకోవడానికి వంగింది. ఆ రెండు చేతులూ తన కాళ్ల దాకా రావడం చూసి మల్లక్క కళ్లు మూసుకుంది. ముప్పై ఏళ్లు అక్కడితో అయిపోయాయనుకుంది.

కానీ కాళ్లమీది బరువు లేవలేదు. కళ్లు తెరిస్తే, బాలలక్ష్మి ఆ పక్కింటామెను చేత్తో వారించి, గంగాళం దగ్గరికి జరిగి, తన చెయ్యి నీళ్లలో పెట్టింది. అమ్మో అని తీసింది. చన్నీళ్లు పోసింది. మళ్లీ పెట్టింది.

"నాకేం తెల్వదు మల్లక్కా. ఎట్లుండాలె?"

"చెయ్యి పెట్టి మూడు అంకెలు లెక్కపెట్టు. తియ్యబుద్ధి కావద్దు, ఇంకింత సేపు ఉంచబుద్ధి కావాలె."

బాలలక్ష్మి ఇంకో చెంబు చన్నీళ్లు కలిపింది. చెయ్యి పెట్టింది. పెదవులు కదిలాయి. మూడైనా తియ్యలేదు.

"అయినయ్," అంది.

మల్లక్క చెంబు ముంచి పిల్ల వీపుమీద సన్నటి ధారగా పోసింది. పిల్ల ఒకసారి ముడుచుకుని, మళ్లీ వదులై, రెప్పలు వాల్చింది. ఏడవలేదు. ఏడ్చింది మల్లక్కే, చెంబు ఆపకుండా.

పిల్లను పొత్తిగుడ్డలో చుట్టి తీసుకుంటూ బాలలక్ష్మి అంది: "రేపు జర జల్ది రా మల్లక్కా. నీళ్లు నేను చూస్త."