ఏడు సూదులు

ఆసుపత్రి క్యాంటీన్‌లో ఆమెను అందరూ గడియారం అని పిలుస్తారు. మూడు వందల మందికి వండే గుండిగల ముందు పన్నెండేళ్లుగా నిలబడి, ఒక్కనాడూ ఒక్క గిన్నె మాడ్చని మనిషి. ఏ పొయ్యి మీద ఏది ఎంతసేపటి నుంచి ఉడుకుతోందో అడిగితే గోడవైపు చూడకుండా చెబుతుంది. ఆ గొప్ప నలుగురికీ తనే చెప్పుకుంటుందనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి గడియారానికి ఇంట్లో ఒక్క సూప్ కుదరక తల ప్రాణం తోకకొచ్చింది.

అది అత్తగారి బార్లీ సూప్. ఏడాది చివరి సెలవుల ముందురోజు, చలికి వేళ్లు కొంకర్లు పోతున్న వేళ, ఆ ఇంట్లో అది పెద్ద గిన్నెడు కాగాల్సిందే. బార్లీ, తెల్ల చిక్కుడు గింజలు, క్యారెట్, బోలెడు ఉల్లిపాయలు. అంతకు మించి అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. అత్తగారు స్వయంగా రాసిచ్చిన కాగితం కూడా ఉంది. ఆవిడ వేసవిలో పోయింది. ఇది ఆవిడ లేని మొదటి చలికాలం.

మామగారు దర్జీ. ముందు గదే ఆయన దుకాణం. భార్య పోయిన రోజున కుట్టుమెషీన్ మీద గుడ్డ కప్పాడు, మళ్లీ తీయలేదు. తిండీ అంతే. పెట్టింది కెలికి, "బాగుందమ్మా" అని లేచిపోతాడు. పోయిన వారం మాత్రం, "ఈసారి సూప్ చేస్తావా?" అన్నాడు. ఇన్ని నెలల్లో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సెలవులయ్యాక మెషీన్ అమ్మేస్తానని కూడా ఆ నోటితోనే అన్నాడు. దాంతో కోడలికి పట్టుదల వచ్చింది. ఈ ఒక్క గిన్నె కుదిరితే ఆయన మళ్లీ మనుషుల్లో పడతాడని ఆమె నమ్మకం.

ముందుగా ఒకసారి చేసి చూసింది. ఆయన ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, "బాగుందమ్మా" అన్నాడు. అంటే బాగాలేదని. రెండోసారి ఉల్లిపాయలు ఎర్రగా వేయించింది. మూడోసారి బార్లీని వేయించి పోసింది. మొగుడు మూడుసార్లూ రెండేసి గిన్నెలు లాగించి, మూడుసార్లూ, "అన్నీ ఉన్నాయి గానీ ఏదో తగ్గింది" అని తీర్పు చెప్పాడు.

"ఆ ఏదో ఏమిటో చెప్పి మింగొచ్చుగా!" అని ఆమె గరిటె ఝళిపించింది.

అతనికేం తెలుసు? తినడమే గానీ వంటగది గడప తొక్కిన పాపాన పోలేదు. ఆమె మాత్రం ఏం చూసింది? ఏటా ఆ రోజు క్యాంటీన్‌లో డ్యూటీయే. ఇంటికొచ్చేసరికి సూప్ బల్ల మీద సిద్ధంగా ఉండేది.

ఈసారి పంతం పట్టి ఆ రోజుకు సెలవు పెట్టింది. అటక మీద నుంచి అత్తగారి గిన్నె దింపించింది. లోపల అడుగంతా గీతలే. తోమి తోమి అరిగిపోయింది. అంత నాజూకు మనిషి గిన్నెనిలా రాచిరంపాన పెట్టిందేమిటా అనుకుంది.

మధ్యాహ్నం రెండింటికి గిన్నె పొయ్యెక్కింది. నాలుగున్నరకు చిక్కబడింది. ఇక చేయి ఆపకుండా కలపాలి. సరిగ్గా అప్పుడే మామగారు ఆమె కోటు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"జేబు ఊడి వేలాడుతోంది. దర్జీ ఇంటి కోడలివి, ఇది వేసుకుని ఊరంతా తిరుగుతున్నావా?"

"పిన్ను పెట్టుకుంటున్నాలెండి మామయ్యా."

"పిన్నా!" ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. కోటుతో ముందు గదిలోకి వెళ్లిపోయాడు.

కాసేపటికి అక్కడి నుంచి కేక వినబడింది. "ఇదిగో! సూది!"

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. అది తనను పిలిచిన పిలుపు కాదు. ఆ సంగతి ముందు గదిలోనూ తెలిసొచ్చినట్టుంది. తర్వాత గొంతు తగ్గించి, "నిన్నేనమ్మా. కాస్త దారం ఎక్కించి పోతావా? కళ్లు ఆనడం లేదు" అన్నాడు.

ఆమె గిన్నె వంక చూసి, మంట తగ్గించి, ఒక్క సూదే కదా అని వెళ్లింది.

ఒక్కటి కాదు. చిన్న దిండు మీద ఏడు సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి.

"ఏడూ ఒకేసారి ఎక్కించి పెడితే మాటిమాటికీ పిలవక్కర్లేదు. మీ అత్త అలాగే చేసేది. సెలవుల ముందురోజు ఎంత పనుండేదో తెలుసా నీకు? ఊళ్లో కోట్లన్నీ సాయంత్రానికే కావాలనేవాళ్లు!"

ఇన్నాళ్లూ మూడు మాటలకు మించి మాట్లాడని మనిషి ఇప్పుడు ఆగడం లేదు. ఏ రంగు దారం ఎవరి కోటుకో, బ్యాంకు గుమాస్తా పొట్ట ఏటా ఎన్ని అంగుళాలు పెరిగేదో చెప్పుకుపోతున్నాడు. చెబుతూ చెబుతూ నవ్వాడు కూడా. నాలుగో సూది దగ్గర ఆమె లేవబోయి, ఆ నవ్వు చూసి మళ్లీ కూర్చుంది.

ఏడో సూదికి దారం ఎక్కుతుండగా వాసన వచ్చింది.

గడియారం ఒక్క ఉదుటున లేచింది. పరుగెత్తి గరిటె పెడితే అడుగున గట్టిగా తగిలింది. పన్నెండేళ్ల పేరు ఒక్క పూటలో బూడిదపాలైంది. పైపైన ఉన్నది వేరే గిన్నెలోకి వంచి, మాడిన గిన్నెను సింకులో పెడుతుంటే ఏడుపొచ్చింది. ఇంతలో మామగారు వాసన పీలుస్తూ వచ్చాడు.

"అడుగంటింది మామయ్యా. మళ్లీ చేస్తాను, మీరు..."

ఆయన వింటేగా! చెంచాతో ఒకసారి రుచి చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, గిన్నె నిండా పోసుకున్నాడు. బాగుందని మాత్రం అనలేదు.

"ఇదేనమ్మా" అన్నాడు. "ఇదే. ఏం వేశావు?"

కోడలు ఆయన వంక చూసింది. సింకులో ఉన్న గిన్నె వంక చూసింది. అరిగిన గీతల మీద కొత్త మాడు అంటుకుని ఉంది.

"ఏమీ వేయలేదు. మీరు పిలిచారు, నేను వచ్చాను. అత్తయ్యకీ ఏటా ఇలాగే మాడేది మామయ్యా. ఈ గిన్నె అడుగు చూడండి."

ఆయన చెంచా కింద పెట్టి, లేచి సింకులోకి వంగి చూశాడు.

"గరిటె చేత్తో పట్టుకునే వచ్చేది" అన్నాడు. "నలభై ఏళ్లు. పొయ్యి మీద గిన్నె ఉందని ఒక్కసారి కూడా చెప్పలేదు."

కళ్లు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. సూప్ చల్లారకముందే మళ్లీ చెంచా అందుకుని గిన్నె ఖాళీ చేసి, ఇంకో గిన్నె పోయించుకున్నాడు. మొగుడు పని నుంచి వచ్చేసరికి మెషీన్ మీది గుడ్డ మడిచి పక్కన పెట్టి ఉంది, కోటు జేబు ఉండాల్సిన చోట ఉంది, అతనికి సూప్ ఒక్క గిన్నెడే మిగిలింది.

మామగారు కోటు చేతికిస్తూ అన్నాడు. "వచ్చే ఏడు పొయ్యి మీద గిన్నె ఉంటే చెప్పమ్మా. నేను ఆగుతాను."

"చెప్పను మామయ్యా" అంది గడియారం.