బుచ్చిరాములుకు ఇచ్చిన కాఫీ

సంపత్ కాలు విరిగి పన్నెండు రోజులైంది. బొగ్గుబాయిలో కప్పు కూలినప్పుడు, బండ కింద ఇరుక్కున్న అతన్ని తోటి కార్మికుడు బుచ్చిరాములు బయటికి లాగాడు. అప్పటినుంచి క్వార్టరుకు చూడవచ్చేవాళ్లు తెరిపి లేకుండా వస్తున్నారు. వచ్చినవాళ్లందరికీ సంపత్ భార్య శ్యామల కాఫీ పెడుతోంది.

ఆమె కాఫీకి కాలనీలో పేరుంది. పక్కింట్లో ఉండి వెళ్లిన టీచరమ్మ దగ్గర నేర్చుకుంది. పొడి గట్టిగా నొక్కకూడదు, డికాక్షన్ దిగేదాకా తొందరపడకూడదు. ఒకప్పుడు అదంతా ఆమెకు సంబరం. ఇప్పుడు ఫిల్టరు కడగాలన్నా చేతులు రావడం లేదు.

ఆ మధ్యాహ్నం మిగిలిన డికాక్షన్‌తో తనకోసం ఒక్క గ్లాసు కలుపుకుంది. తాగబోతుంటే గుమ్మంలో బుచ్చిరాములు కనిపించాడు. ఇన్నాళ్లూ రాని మనిషి. కళ్లు లోతుకు పోయి ఎర్రగా ఉన్నాయి.

"రా అన్నా, కూసో" అని శ్యామల ఆ గ్లాసు అతని చేతికిచ్చింది.

"గిప్పుడా అన్నా వచ్చుడు?" మంచంమీదినుంచి అడిగాడు సంపత్.

"కాళ్లు రాలే తమ్మీ. కన్ను మూస్తే నువ్వే బండ కింద కనవడ్తున్నవ్."

"మంచిగనే ఉన్న గదా. జూడు."

బుచ్చిరాములు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కాఫీ చప్పరించి, "మంచిగున్నది చెల్లె" అన్నాడు. సగం గ్లాసు తాగేసరికి తల గోడకు వాలింది.

"కాఫీ తాగి పన్నడే!" సంపత్ గొంతు తగ్గించాడు.

శ్యామల మెల్లగా బుచ్చిరాములు చేతిలోని గ్లాసు తీసింది. వాడిన పొడిమీదే మళ్లీ వేడినీళ్లు పోసింది. నీళ్లలాంటి డికాక్షన్ దిగుతుండగా ఆమె ఫోను మోగింది. బుచ్చిరాములు భార్య యాదవ్వ.

"మా ఆయన మీ ఇంటికొచ్చిండా చెల్లె? డ్యూటీ దిగి ఇంటికి రాలే."

"ఈడనే ఉన్నడక్కా. కుర్చీల నిద్రవోయిండు."



"నిజంగ నిద్రవోయిండా? బాయి కూలినకాన్నుంచి కన్ను మూయలే. జర లేపకు చెల్లె."

"లేపనక్కా. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

గేటు దగ్గర ఇంకెవరో ఇద్దరు ఆగారు. శ్యామల ఎదురెళ్లి, "రేపు రాండ్రి. ఇయ్యాల అందరు పన్నరు" అని పంపేసింది. గ్లాసు తెచ్చుకుని గడపమీద కాళ్లు చాపి కూర్చుంది. పలుచటి కాఫీ. చివరిదాకా తాగింది.