ఫర్వాలేదు గడి

ఆసుపత్రి కాగితంలో మొదటి ప్రశ్న అదే: మీ ఆరోగ్యం ఎలా ఉందని మీరనుకుంటున్నారు? కింద నాలుగు గడులు. బాగుంది, ఫర్వాలేదు, బాగోలేదు, అసలేం బాగోలేదు.

మా చెల్లి ఏడు నెలలపాటు చివరి గడిలోనే టిక్కు పెట్టింది. రక్తం చూశారు, గుండె చూశారు, రిపోర్టుల్లో వంక పెట్టడానికి లేదు. దిగులు జబ్బన్నారు. మాత్రలిచ్చి, మాట్లాడటానికి వారం వారం రమ్మన్నారు. వెంట వెళ్ళేది నేను. నా సెలవులన్నీ దాని ఏడుపుకే సరిపోయాయి. ఇద్దరం ఒకే బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. అది కాలర్లు కుడుతుంది, నేను ఆ లైనుకి సూపర్‌వైజర్ని. దాని మిషను ఆగితే చీవాట్లు నాకు.

"అన్నిటికంటే ఈ మొదటి ప్రశ్నే ముఖ్యమండీ," అంది నర్సు ఒకరోజు. "నా ఒళ్ళు బాగోలేదనుకున్నన్నాళ్ళూ దిగులు ఓ పట్టాన వదలదు. తనంతట తను ఫర్వాలేదంటే సగం గెలిచినట్టే. ఇక వారం వారం రానక్కర్లేదు."

ఆ చివరి మాటే నా చెవికెక్కింది.

బస్సులో దాన్ని దులిపేశాను. "తిన్నది అరక్క వచ్చిన రోగం నీది. ఎవరడిగినా ఫర్వాలేదను. ఏదీ, అను."

"అబద్ధం కదక్కా."

"అనవే!"

అంది. దిగేలోగా ఇరవైసార్లు అనిపించాను. ఆ తర్వాత ఎప్పుడు తప్పినా రెండేసి రోజులు దాంతో మాట్లాడలేదు. దానికి నేను తప్ప ఎవరూ లేరు, తొందరగానే నేర్చుకుంది.

ఆసుపత్రిలో ఆ మాట విని నర్సు ముఖం చాటంత అయింది. మూడోసారికి ఫైలు మూసేశారు. పీడా విరగడైందనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం దాని మిషను చప్పుడు ఆగింది. తిట్టడానికే వెళ్ళాను. సూది దాని చూపుడువేలి గోట్లోంచి దిగి ఉంది. కాలరంతా రక్తం. ఎవరి వేలో చూస్తున్నట్టు చూస్తోంది.

"నొప్పి తెలియట్లేదటే?" అని అరిచాను.

"ఫర్వాలేదక్కా. కాలరే పాడైంది."

వేలికి కట్టు కట్టించి, అట్నుంచటే నర్సు దగ్గరికి లాక్కెళ్ళాను. "దీనికేం బాగోలేదండీ, ఫైలు తెరవండి," అని బతిమాలాను.

"మీరు చెబితే కాదండీ, తననే అడగాలి," అంటూ నర్సు కాగితం తీసింది. "ఎలా ఉందమ్మా ఒంట్లో?"

"నిజం చెప్పవే," అన్నాను.

చెల్లి ముందు నా ముఖంలోకి చూసింది, కోపంగా ఉన్నానేమోనని. తర్వాత నర్సుకేసి తిరిగింది.

"ఫర్వాలేదండీ," అంది.