మినహాయింపు జాబితా

"ఇంట్లోనేగా ఉన్నావ్, అమ్మ కుక్కర్ పెట్టింది, మూడు కూతలు రాగానే కట్టేయ్," అన్నాడు మొగుడు బూట్లు తొడుక్కుంటూ. ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమని ఆయనగారికి ఎవరు చెప్పారో! ఆమెది ఇంటినుంచి చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మొదటి కూత వచ్చేసరికి కంప్యూటర్ తెర మీద ఎర్రగీతలు బారులు తీరాయి.

ప్రోగ్రాముల్లో తప్పులకు ఆ గీతలు గీసే టెస్టు ఆమె రాసిందే. ప్రోగ్రాములో ఒక్కో భాగం, అంటే మాడ్యూలు, తన పని కోసం బయటినుంచి కొన్ని ఫంక్షన్లను, చిన్నచిన్న పనులు చేసిపెట్టే కోడు ముక్కలను, తెచ్చుకుంటుంది. పనయ్యాక వాటిని పంపెయ్యాలి. వదిలేస్తే, అవి ఆ మాడ్యూలు సొంతమే అనుకుని దారినపోయే ప్రతి ప్రోగ్రామూ పిలిచి వాడుకుంటుంది. ఆర్నెల్ల కింద రిపోర్టులవాళ్ళు అలా మిగిలినదొకదాన్ని వాడుకున్నారు. అది మారిన రోజున మొత్తం కూలింది. "టెస్టింగ్ వాళ్ళు నిద్రపోతున్నారా?" అని టీమ్ లీడర్ పదిమంది ముందూ అడిగాడు. మరిచిపోయి వదిలింది ఆయన, తలవంచుకున్నది ఆమె.

ఈసారి టెస్టుకు అలా మిగిలినవి పదకొండు దొరికాయి, అన్నీ ఆయన మాడ్యూల్లోనే. ఆయనకే ఫోన్ చేసి చెప్పింది.

"ఇప్పుడేం కొంప మునిగిందండీ? నడుస్తోందిగా! మినహాయింపు జాబితాలో పడెయ్యండి, టెస్టు దాని జోలికి పోదు. సాయంత్రం రిలీజ్, మీరు ఓకే కొడితే చాలు."

"మళ్ళీ కూలితే?"

"అప్పుడు చూసుకుందాం."

చూసుకునేదెవరో ఆమెకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంటికి ఆమెను తెచ్చుకున్నది పెళ్ళాంగా. ఏడేళ్ళలో పని చెప్పనివాళ్ళదే పాపం! మామగారి మందులు, మరిది దరఖాస్తులు, ఆడపడుచు కూతురి ప్రాజెక్టులు. "మా కోడలు చిటికెలో చేసేస్తుంది," అని అత్తగారు పక్కింటావిడకు కూడా మాటిచ్చేస్తారు. నీకు వీలవుతుందా అని అడిగే నాథుడు లేడు గానీ, కూరలో ఉప్పు తగ్గితే "రోజంతా ఏం చేస్తున్నట్టు?" అనడానికి మాత్రం అందరికీ నోళ్ళు లేస్తాయి.

రెండో కూత. జాబితా తెరిచింది. నలభై ఒక్క మాడ్యూళ్ళు, పక్కనే చేర్చినవాళ్ళ పేరూ తేదీ. మొదటి వరుసలో ఆమె పేరు. రెండో వరుసలోనూ ఆమె పేరే. చివరిదాకా వేరే పేరు లేదు. "ఈ ఒక్కసారికి" అన్న ప్రతివాడికీ సరేనన్నది తనే! ఏడుపు రాలేదు, కోపమొచ్చింది, సర్దుకుపొమ్మని నేర్పినవాళ్ళ మీదా, బుద్ధిగా నేర్చుకున్న తన మీదా. జాబితా మొత్తం తుడిచేసింది. టెస్టు మళ్ళీ నడిపితే తెరంతా ఎర్రబడింది. రిలీజ్ ఫారం మీద "ఒప్పుకోను" అని రాసి పంపించింది.

నిమిషంలో ఫోన్ మోగింది. "జాబితా ఏమైంది? ఎవరు తీసేశారండీ?"

"నేనే."

"ఎవర్నడిగి?"

"చేర్చేటప్పుడు ఆ మాట ఒక్కరూ అడగలేదండీ," అని పెట్టేసింది.

"అమ్మాయ్, పక్కింటావిడ వచ్చింది, ఆ దరఖాస్తేదో కాస్త నింపిపెట్టు!" హాల్లోంచి అత్తగారు కేకేశారు.

"నాకు వీలు కాదత్తయ్యా."

మూడో కూత వచ్చింది. ఆమె కుర్చీలోంచి కదల్లేదు. కాసేపటికి అత్తగారే లేచి వెళ్ళి పొయ్యి కట్టేశారు.