మేడంగారు పెట్టిన బొట్టు

బొంబాయి రోడ్డు మీద చందానగర్ దాటాక ఉన్న ఫ్యాక్టరీకి కొత్త మిషను రావడం ఒక ఎత్తు, దాన్ని నేర్చుకోవడానికి ఇంజనీరు యజ్ఞనారాయణ ఇంగ్లండు వెళ్ళి రావడం ఇంకో ఎత్తు. వెళ్ళింది మూడు వారాలు, చెప్పింది ఏడాది పొడుగునా. ఆ మిషనుకు ప్రోబు అని ఒక పుల్ల, పుల్ల కొసన చిన్న కెంపు గుండు. చెక్కబోయే ఇనప దిమ్మ అంచుకు ఆ గుండు మెల్లగా తగలగానే మిషను అదే తన మొదలనుకుని అక్కణ్ణుంచి కొలుచుకుంటుంది. ఆ పుల్లను ఆయన తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. ఆయన వాలకం చూస్తే దాన్ని తనే కన్నాడేమో అనిపించేది.

డెబ్బై తొమ్మిదిలో ఆయుధపూజ నాడే మొదటి దిమ్మ చెక్కాలని ముహూర్తం పెట్టారు. అది సరిగ్గా వస్తే వర్క్స్ మేనేజరు కుర్చీ యజ్ఞనారాయణదేనని జనరల్ మేనేజరు రామ్మోహనరావు గారు అందరి ముందూ అనేశారు. పాపం, ఆ మాట విన్నప్పట్నుంచి ఈయనకు కలలో కూడా ఆ కుర్చీయే.

పూజ పొద్దున్నే అయింది. జనరల్ మేనేజరు గారి భార్య పద్మావతమ్మ గారికి భక్తి ఎక్కువ. మిషనుకు పెట్టింది చాలక, దిమ్మ అంచుకు కూడా గంధం దిట్టంగా అద్ది కుంకుమ పెట్టారు. మధ్యాహ్నానికి అది ఎండి పెంకు కట్టింది. సరిగ్గా ప్రోబు తగలాల్సిన చోట! మిషనును నడిపే చిల్లుల కాగితం టేపులో ఎక్కడని ఉంటే ప్రోబు అక్కడే తాకుతుంది గానీ, బొట్టును చూసి పక్కకు తప్పుకునే మర్యాద దానికెక్కడిది?

యజ్ఞనారాయణ చూశాడు. ఇంతలో ఆపరేటరు నర్సింహ అలవాటు కొద్దీ గుడ్డపీలిక తీసి అంచు తుడవబోయాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావయ్యా?" అని యజ్ఞనారాయణ గభాలున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"గిదేంది సార్, తుడవకుంటె ఎట్ల?"

"మేడంగారు పెట్టిన బొట్టయ్యా! ఆవిడ ఎదురుగానే ఉన్నారు. నోర్మూసుకో."

"మంచిది సార్, నాకేం ఫికర్," అని నర్సింహ పీలికను భుజాన వేసుకున్నాడు.

గోరు మందం గంధమే కదా, అమ్మవారే చూసుకుంటుందిలే అని యజ్ఞనారాయణ మీట నొక్కాడు. కెంపు గుండు వెళ్ళి బొట్టును తాకింది. మిషను దాన్నే అంచనుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పద్మావతమ్మ గారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

పని అయ్యాక కొలిచి చూస్తే, దిమ్మలో తొలిచిన రంధ్రాలన్నీ ఉండాల్సిన చోటికి గోరు మందం ఎడంగా ఉన్నాయి. అంత ఖరీదైన దిమ్మా పాత ఇనుమైపోయింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు రామ్మోహనరావు గారు.

ప్రోబు మంచిది కాదందామంటే, దాన్ని పట్టుబట్టి కొనిపించింది తనే. నర్సింహ మీదికి తోసేద్దామంటే, ఎవర్నీ ముట్టనివ్వనిదీ తనే. "అదేనండీ... అక్కడ మేడంగారి బొట్టుందండీ... తుడిస్తే బావుండదేమోననీ..." అని యజ్ఞనారాయణ గొణిగాడు.

పద్మావతమ్మ గారు బుగ్గలు నొక్కుకున్నారు. "అయ్యో యజ్ఞనారాయణ గారూ! మా ఇంట్లో కుట్టుమిషనుకు పెట్టిన బొట్టు నేనే తుడిచేస్తానండీ, బట్టలకు అంటుతుందని. ఒక్క మాట చెబితే నా కొంగుతో తుడిచేదాన్ని కదా!"

షెడ్డంతా గొల్లుమంది. రామ్మోహనరావు గారు మాత్రం నవ్వలేదు.

"నీకిద్దామనుకున్న కుర్చీకి కూడా మా ఆవిడ పొద్దున బొట్టు పెట్టిందయ్యా. తుడుచుకుని కూర్చునేవాణ్ణి ఎవణ్ణయినా చూసుకుంటాలే," అని కారెక్కి వెళ్ళిపోయారు.